ఆటయు వ్రాతయు

వీడియో ఆట యనగానే తల్లిదండ్రుల ముఖము ముడుచుకొనుట నేనెరుగుదును. "రాత్రింబగళ్ళు ఆ ఫోను పట్టుకొనే కూర్చుంటాడండీ, మీరైనా చెప్పండి" అని నాతో మొరపెట్టుకొనని తల్లి మన పాఠశాలలో అరుదు. అట్టి వస్తువును తెలుగు తరగతిలోనికి నేనే తెచ్చితినన్న వార్త కొందరికి వింతగాను, కొందరికి కష్టముగాను తోచినదట. పత్రిక వారు ఈ పుటలను నాకిచ్చిరి గనుక ఆ పని ఎందుకు చేసితినో, దానివలన ఏమి జరిగినదో విన్నవించుకొందును.

ముందుగా మన పిల్లల వ్రాతను గురించి. చెన్నపట్టణమున తెలుగు బిడ్డకు తెలుగు రెండే చోట్ల వినబడును: ఒకటి ఇల్లు, రెండవది ఈ తరగతి. అంగడిలో తమిళము, బస్సులో తమిళము, ఆటస్థలమున తమిళము. పెద్ద చదువుల మాట వచ్చిన ఇంగ్లీషు. తమిళనాడు ప్రభుత్వము 2006లో తమిళ అభ్యసన చట్టమును చేసిన తరువాత మన పిల్లలకు తమిళపు చదువు పెరిగినది. అది మంచిదే; ఈ ఊర బ్రతుకువానికి ఈ ఊరి భాష రావలెను. కాని తెలుగు వ్రాయుటకు మిగిలిన గంటలు కొద్ది. ఆ కొద్ది గంటలలో 'వర్షాకాలము'ను గురించి వ్రాయుడనగా ముప్పదిమంది పిల్లలును ఒకే వర్షమును కురిపింతురు. అది గైడు పుస్తకములోని వర్షము. వేళచ్చేరి వీధులలో మోకాలిలోతు నీట వారు నడచివచ్చిన వర్షము కాదు. చెప్పుటకు మాటలు లేకనా? ఉన్నవి. చెప్పవలసిన అవసరమే లేదు. అడిగిన ఉపాధ్యాయునికి జవాబు ముందే తెలియునని వారికి తెలియును. తెలిసినవానికి చెప్పుటలో రుచి యేమి?

ఆటతో చదువు నేర్పుట మనకు క్రొత్త కాదు. వామనగుంటల పీటమీద చింతగింజలు పంచుచు మనుమలకు లెక్కలు నేర్పిన అమ్మమ్మలు మన యిండ్లలో ఇంకను ఉన్నారు. ప్రక్క యింటి తమిళ పాటి అదే ఆటను పల్లాంగుళి యనును. వైకుంఠపాళి సంగతి చెప్పనే యక్కరలేదు.

కంప్యూటరు ఆటతో పాఠము చెప్పుట కూడ మన మనుకొన్నంత నిన్న మొన్నటి పని కాదు. 1971లో అమెరికాలోని మినియాపొలిస్ నగరమున డాన్ రావిచ్ అను యువకుడు ఎనిమిదవ తరగతికి చరిత్ర చెప్పుచుండెను. పందొమ్మిదవ శతాబ్దిలో ఎడ్ల బండ్లపై పడమటనున్న ఆరెగాను సీమకు వలసపోయిన కుటుంబముల కథ పాఠము. అతడు తన గదిలో నివసించు ఇద్దరు మిత్రుల సాయమున దానిని ఒక ఆటగా మార్చెను. ఆ యంత్రమునకు తెర లేదు. టైపు మిషను వంటి దానిలో ప్రశ్న కాగితముపై అచ్చయి వచ్చును, పిల్లలు జవాబు కొట్టవలెను. ఎడ్లకు ఎంత సొమ్ము, తిండికి ఎంత, బట్టలకు ఎంత? తిండి అయిపోయిన వేటాడవలెను; వేటాడవలెనన్న ఒక మాటను తప్పులేకుండ, త్వరగా టైపు చేయవలెను. ఆలస్యమైన వేట దక్కదు. భాష చెప్పువారికి ఈ చివరి ఏర్పాటు ఎంత ముచ్చట గొలుపునో వేరుగ చెప్పనేల!

ఇంగ్లండులో బ్రిస్టలు నగర సమీపమున చ్యూ మాగ్నా అను గ్రామమున్నది. అచటి ప్రాథమిక పాఠశాలలో టిమ్ రైలాండ్స్ అను ఉపాధ్యాయుడు 'మిస్ట్' అను ఆటను తరగతి యంతకు పెద్దదిగా చూపి పిల్లలచే వ్రాయించెను. 1993లో మిల్లరు సోదరులు వెలువరించిన ఆ ఆటలో వెంటబడి తరుము శత్రువులు లేరు, ముంచుకొనివచ్చు గడువు లేదు. నిర్మానుష్యమైన ఒక దీవి, అలల చప్పుడు, ఒక గ్రంథాలయము. కొన్ని పుస్తకములపై చేయి వేసిన వేరొక లోకమునకు పోవుదుము. ఆయన ఆటను నడుమ నడుమ నిలిపి, చూచినదానిని, విన్నదానిని, ఊహించినదానిని వ్రాయించెడివాడు. 2005లో బ్రిటనులోని బెక్టా అను విద్యాసంస్థ ఆయన పనిని పురస్కారముతో గౌరవించినది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు తోచినది ఒక్కటే. అది ఇంగ్లీషు వారి ఆట యందుము. కాని ఆ దీవిలో మాటలు బహు తక్కువ. మాటలు లేని దీవికి భాష ఏది? ఎవడు చూచి చెప్పునో వాని భాషయే. తెలుగులో ఆటలు లేవని విచారించుటకంటె, మాటలు తక్కువగానున్న ఆటను తెచ్చి, ఆ ఖాళీలో మన పిల్లలను తెలుగు పలికింపరాదా?

గడచిన సంవత్సరము ఎనిమిదవ తరగతిలో ఆ దీవిని గోడపై చూపితిని. నియమము ఒకటి పెట్టితిని: మౌసు నా చేతిలో నుండును, తెలుగున చెప్పిననే కదలుదును. "లెఫ్ట్ టీచర్, లెఫ్ట్!" అని ఒకడు అరచెను. నేను కదలలేదు. "ఎడమ పక్కకి!" అనిరి పదిమంది. కదలితిని. రేవునకు పైనున్న పెద్ద యంత్రమును చూచి అందరు 'గేరు' అనిరి. మెకానిక్కు కొడుకొకడు మెల్లగా "పళ్ళ చక్రం" అనెను. ఆనాడు వాని ముఖమును చూడవలసినది! అంతకుముందు తరగతిలో వానిని ఎవరు ఏమి అడిగిరి గనుక? ఇంటికి పోయి, ఆ దీవిలో ఇదివరకు ఎవరుండిరో వ్రాసికొని రమ్మంటిని. ముప్పది కాగితములు వచ్చినవి; ఈసారి ముప్పది దీవులు.

తరువాతి మెట్టు మన ఆటను మనమే వ్రాసికొనుట. దానికి ట్వైన్ అను ఉచిత సాధనమున్నది. 2009లో క్రిస్ క్లైమస్ అనునతడు దానిని చేసెను. బొమ్మలు గీయనక్కరలేదు. ఒక గడిలో కొన్ని వాక్యములు వ్రాసి, చివర రెండు మూడు దారులు చూపవలెను. చదువరి ఏ దారిని నొక్కిన ఆ గడి తెరచుకొనును. తెలుగు అక్షరములు దానిలో చక్కగా ఒదుగును. ప్రభుత్వము 2011లో ఆరంభించిన ఉచిత లాప్‌టాపుల పథకములో ఒక విద్యార్థిని అన్నకు వచ్చిన పాత యంత్రమే మాకు చాలినది.

కథకు బకింగ్‌హాము కాలువను ఎన్నుకొంటిమి. చేపాక్కము, మైలాపూరు ప్రాంతములలో ఎత్తైన రైలుదారి స్తంభములు ఆ కాలువలోనే పాదుకొని యున్నవి. మన పిల్లలు దానిని దాటునప్పుడు ముక్కు మూసికొందురు. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో మద్రాసు నుండి ఎన్నూరునకు త్రవ్విన చిన్న కాలువ క్రమముగా పెరిగి, ఉత్తరమున పెదగంజాము నుండి దక్షిణమున మరక్కాణము వరకు సుమారు 420 కిలోమీటర్లు పారినది. అందులో 257 కిలోమీటర్లు ఆంధ్రదేశముననే కలవు. 1876-78 నాటి కరవులో కూలికి వచ్చిన ఆకలిగొన్నవారు నగరములోని భాగమును త్రవ్విరి. పెదగంజాము వద్ద కొమ్మమూరు కాలువ దీనితో కలియుటచే, కృష్ణ ఒడ్డున పడవ ఎక్కినవాడు సముద్రము మొగము చూడకయే చెన్నపట్టణమున దిగవచ్చును. ఉప్పు వచ్చెడిది, శ్రీహరికోట అడవి కట్టెలు వచ్చెడివి. తుపానులు గట్లను చెరపినవి, రైళ్ళు, లారీలు సరకును తన్నుకొనిపోయినవి, పడవలు ఆగినవి.

మా ఆటలో ఒక కుటుంబము పెదగంజామున పడవ ఎక్కి, పులికాటు సరస్సు దాటి బేసిన్ బ్రిడ్జి చేరవలెను. పడవలో చోటు కొద్ది. బియ్యపు బస్తా తీసికొందువా, కుట్టు మిషను తీసికొందువా? "ఉప్పు ఎక్కించుకొంటే", "గాలి తిరిగితే", "లాకు మూసి ఉంటే": నేను రెండు నెలలు నల్లబల్లపై వ్రాసి నేర్పలేని చేదర్థకము వారి వాక్యములలోనికి తానే నడచివచ్చెను. అక్షరదోషముల సంగతి ఇంకను చిత్రము. దారి పేరును, గడి పేరును ఒక్క గుడియైనను తేడా లేక సరిపోవలెను. ఒకతె 'శ్రీహరికోట' అను గడికి 'శ్రిహరికోట' అని దారి వ్రాసెను. యంత్రము తిట్టలేదు, మార్కులు తీయలేదు. ఏమియు లేని ఒక తెల్లని గడిని తెరచెను. పడవ ఆ శూన్యమున నిలిచిపోయెను. నా ఎర్రసిరా చేయలేని పనిని ఆ తెల్లగడి చేసినది. పడవను త్రోయు పొడవైన కర్రను ఒకడు 'పెద్ద కంబు' అని వ్రాయగా, మరునాడు వాని తాతగారు నెల్లూరు నుండి ఫోనులో 'గెడ' అను మాటను పంపిరి.

ఇంతలో ఒక అభ్యంతరము వచ్చెను. జార్జిటౌను నుండి వచ్చు ఒక బాలిక లేచి, "మేము పడవలో రాలేదు టీచర్. మా వాళ్ళు ఎప్పుడూ ఇక్కడే ఉన్నారు. ఈ ఆటలో మేము ఎక్కడ?" అని అడిగెను. తరగతి నిశ్శబ్దమాయెను. ఆమె ప్రశ్న సరియైనది. 1639లో ఇంగ్లీషు వర్తకులకు ఈ తీరమున స్థలమిచ్చిన దామెర్ల వేంకటాద్రి తెలుగు నాయకుడు. చెన్నపట్టణమన్న పేరు ఆయన తండ్రి చెన్నప్ప పేర వెలసినదని ప్రసిద్ధి. ఇచటి తెలుగువారందరిని పడవ దిగినవారినిగా వ్రాయుట ఎట్లు చెల్లును? ఆరెగాను ఆటకును ఈ నిందయే వచ్చినది. బండ్లు పోయిన నేలపై అంతకుముందే బ్రతుకుచున్న జాతుల మాట అందులో పలుచన. 2021లో వచ్చిన దాని క్రొత్త రూపమునకు ఆ జాతుల చరిత్రకారుల సలహా తీసికొనిరి. మేము ఆ బాలికనే కలము పట్టుమంటిమి. ఆమె బేసిన్ బ్రిడ్జి గట్టున నిలిచి పడవకై ఎదురు చూచు ఒక అంగడి యజమానురాలిని వ్రాసెను. పడవ దిగినవారి తెలుగును విని ఆమె నవ్వును. ఆమె తెలుగును విని వారును నవ్వుదురు. ఆ గడిని చదివినప్పుడు మేమందరము నవ్వితిమి. పిమ్మట ఎవరి తెలుగు సరియైనదని గంట కొట్టువరకు వాదించుకొంటిమి.

మన పొరుగు భాషవారి ఉదాహరణ ఒకటి చెప్పవలెను. 2023లో కెనడాలోని టొరాంటో నుండి 'వెణ్బా' అను ఆట వచ్చెను. 1980ల చివర తమిళనాడు నుండి కెనడాకు పోయిన ఒక తల్లి, చినిగి చెరగిపోయిన తన తల్లి వంటల పుస్తకమును చూచి ఇడ్లీ మొదలైనవి వండును. చెరగినచోట ఏమున్నదో ఆడువారే ఊహించి పూరింపవలెను. కొడుకు తమిళమునకు క్రమముగా దూరమగును. పరదేశమున పెరిగినవారు తమ యింటి బెంగను ఆటగా చేసిరి. 2024లో దానికి బ్రిటనులో బాఫ్టా పురస్కారము కూడ వచ్చినది. మా తరగతిలో దానిని చూచిన తమిళ మిత్రునికంటె తెలుగు పిల్లలే ఎక్కువ నిశ్శబ్దముగా కూర్చుండిరి.

ఇక తల్లిదండ్రుల భయము. అది నిరాధారము కాదు. డబ్బు పెట్టి ఆడు ఆటలు ఆటలే కావు, జూదము. 2025లో పార్లమెంటు వానిని నిషేధించుచు చట్టము చేసినది. రాత్రి రెండు గంటలవరకు తుపాకి కాల్చు ఆటలను గూడ నేను సమర్థింపను. ఇంకొక మాట, కొందరికి కోపము వచ్చిన రానిండు: 'విద్యా ఆట' యని పేరు పెట్టుకొని సరియైన జవాబునకు నక్షత్రములు పంచు ఆటలు నాకు అంతకంటె నచ్చవు. అవి గైడు పుస్తకమునకు రంగు వేసినవి. బిడ్డ ఆడునది ఏదైనను, ప్రక్కన పది నిమిషములు కూర్చుండి, "ఇప్పుడేమయింది? వాడెవడు? అక్కడికెందుకు పోతున్నావు?" అని తెలుగులో అడుగుడు. నిజముగా మీకు తెలియదు గనుక వాడు నిజముగా చెప్పును. మాకు వారమునకు ఒక్క పీరియడే. తక్కిన దినములు కాగితము, కలము.

మా పడవ ఇంకను ఎన్నూరు దాటలేదు. తరగతిలో అతి తక్కువగా మాటలాడు బాలుడొకడు, ఆ కుటుంబము పులికాటు నుండి వెనుకకు మరలిపోవు దారి నొకదానిని వ్రాసి తెచ్చెను. అది ఉండవలెనని సగముమంది, ఉండరాదని సగముమంది. వాడు మాత్రము తీయనన్నాడు. ఆ దారి అటులనే ఉన్నది. తక్కిన గడులను ఈ సంవత్సరపు ఎనిమిదవ తరగతివారు వ్రాయుదురు. వారికి ఒక సాయము కావలెను: మీ యిండ్లలో ఆ కాలువమీద ప్రయాణించిన పెద్దలు, ఒడ్డున తాడు పట్టి పడవను లాగిన పెద్దలు ఉన్నచో, ఏ శనివారమైనను మధ్యాహ్నము మూడు గంటలకు తరగతికి దయచేయవలెను. పడవలో వంట ఎక్కడ చేసికొనిరో, రాత్రులు ఎక్కడ కట్టివేసిరో, ఆ తాడును ఏమనిరో మా పిల్లలకు ఇంకను తెలియదు.