మా దాదీ ఓటు



ఈసారి గోడ పత్రికకు ఎన్నికల మీద రాయమన్నారు. "ఓటు హక్కు – పౌరుని బాధ్యత" అని సోషల్ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించుదామనుకున్నాను. కాని అది మీరందరూ చదివిందే. అందుకని మా తండాల జరిగింది రాస్తున్నాను.

మా తండా నర్సంపేట నియోజకవర్గంలో పాకాల చెరువు దిక్కున ఉంటుంది. నర్సంపేట పెద్ద పట్నమేమీ కాదు. ఎరువుల షాపులు, బస్టాండు, పత్తి మిర్చి బేరాలు, అంతే. కాని ఓట్ల కాడికి వచ్చేసరికి దానికి కొంచెం పొగరెక్కువ. "రాష్ట్రం ఒక దిక్కు పోతె మన నర్సంపేట ఇంకో దిక్కు పోతది" అని మా తాత ఉన్నప్పుడు అనేవాడు.

1983లో అంతటా ఎన్టీఆర్ గాలి వీచింది. నర్సంపేట మాత్రం కమ్యూనిస్టు నాయకుడు మద్దికాయల ఓంకార్ గారినే గెలిపించింది. ఆయన 1972 నుంచి 1989 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచారు. నడుమ సీపీఎం నుంచి బయటికి వచ్చారు, గుర్తు పోయింది, అయినా గెలిచారు. మా తాతకు గుర్తుతో పనే లేదు, "ఓంకారు సారు ఏడుంటె ఆడనే" అనేవాడట. 1994లో ఆ సీటు తెలుగుదేశం రేవూరి ప్రకాశ్ రెడ్డి గారికి పోయింది. 2009లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గెలిస్తే ఇక్కడ మళ్ళీ ఆయనే. 2014లో తెలంగాణ వచ్చింది, టీఆర్ఎస్ సర్కారు వచ్చింది, నర్సంపేటలో గెలిచింది ఇండిపెండెంటు దొంతి మాధవరెడ్డి గారు. అదే మనిషి 2018లో కాంగ్రెస్ గుర్తు మీద నిలబడితే ఓడిపోయారు, టీఆర్ఎస్ పెద్ది సుదర్శన్ రెడ్డి గారు గెలిచారు. 2023లో మళ్ళీ మాధవరెడ్డి గారే. తాత మాట ప్రతిసారీ నిజం కాలేదు గాని చానాసార్లు అయింది.

ఇది చదివితే మావోళ్ళు ఎవ్వరి మాటా వినరని అనుకుంటారు. తండాల సంగతి వేరే. తండాల ఓటు మనిషిది కాదు, ఇంటిది. ఇంటి ఓటు పెద్దమనిషిది. 2018 చట్టంతో తండాలు పంచాయతీలయినయి, మా తండాకు సొంత సర్పంచ్ వచ్చాడు. గంపగుత్త బేరం మాత్రం పోలేదు.

2023 నవంబరు 30న పోలింగు. సెలవులిస్తే ఇంటికి పోయాను. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా కాక ఒక పార్టీ వాళ్ళకు "మా ఇంటి ఓట్లు, మా వాడకట్టు ఓట్లు నావి" అని మాటిచ్చి వచ్చాడు. ఏ పార్టీయో రాయను, రాస్తే ఈ గోడ కాడనే కొట్లాట అవుతుంది.

మా దాదీకి, అంటే నాయనమ్మకు, కండ్లు మసక. చూపు లేనివాళ్ళ వెంట ఒక తోడు మనిషి లోపలికి పోవచ్చని రూలు ఉన్నది. "నేనే తోలుకపోయి వత్తుత, అమ్మకేం తెల్వది" అన్నాడు కాక. దాదీ ఏమీ అనలేదు. రాత్రి అందరూ పడుకున్నాక నన్ను లేపింది.

"నువ్వు రా నా ఎంబడి."

"నాకు పద్దెనిమిదేండ్లు లేవు దాదీ, రానియ్యరు."

"అయితే నేర్పు."

ఏ పార్టీ పంచిన కాగితంలో ఆ పార్టీ గుర్తే ఉంటుంది. పొద్దున ఏరుకొచ్చిన మూడు పార్టీల కాగితాలూ నా సంచిలో ఉన్నాయి. చెయ్యి ఎన్నోది, కారు ఎన్నోది, పువ్వు ఎన్నోది చూసి, అరుగు మీద బొగ్గుతో వరుసగా గీతలు గీశాను. దాదీ పైనుంచి వేళ్ళతో లెక్కపెట్టుకుంట తడిమింది. మిషన్ మీద మీటలు కూడ అట్లనే ఒకదాని కింద ఒకటి ఉంటాయని, ఒత్తితే బీప్ అంటుందని చెప్పాను. పక్క డబ్బాలో చీటీ ఏడు సెకన్లు కనబడుతుందని కూడ చెప్పాను. "అది నాకు కనబడదు తియ్యి" అని నవ్వింది. తెల్లారేసరికి అరుగంతా పేడతో అలికేసింది.

బూతు కాడ కాక ఆమె చెయ్యి పట్టుకున్నాడు. దాదీ విడిపించుకుని లోపలి సారుతో, "నాకు తోడు వద్దు బిడ్డా, నేనే ఏస్త" అన్నదట. ఓటరే వద్దన్నాక వాళ్ళు కాకను పోనియ్యలేదు. నేను గేటు బయట నిలబడి ఉన్నా. అంతసేపు ఆమె లోపల ఏం చేస్తుందోనని నా గుండె దడదడలాడింది. ఎడమ చేతి వేలు మీద సిరా చుక్క చూపించుకుంట బయటికి వచ్చింది.

డిసెంబరు 3న లెక్కింపు. మిషన్లు బూతు బూతుకు లెక్క చెబుతాయి కనుక మా బూతులో ఎవరికెన్ని పడ్డాయో తెలిసిపోయింది. కాక చెప్పిన లెక్క తప్పింది, ఒక్క ఓటు కాదు, చానా. అంటే ఆ రాత్రి ఇంకా ఏయే అరుగుల మీద ఏం జరిగిందో. కాక అడిగితే దాదీ, "నీ పెండ్లాన్ని కూడ అడిగినవా?" అన్నది. చిన్నమ్మ పొయ్యి కాడి నుంచి లేవలేదు.

ఆమె ఏ మీట ఒత్తిందో నాకూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

సంక్రాంతికి పోతే కాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తిరిగి వచ్చేనాడు బస్సు కాడికి వచ్చి నూరు రూపాయల నోటు చేతిలో పెట్టాడు. "ఆడోళ్ళకు బస్సు ఫ్రీ అయింది కదా కాకా" అన్నాను.

"ఉంచుకో. పెన్నులు కొనుక్కో" అని అటు తిరిగిండు.

– ఒక విద్యార్థిని