సోమవారం ఫస్ట్ అవర్

సెకండియర్‌లో సోమవారం ఫస్ట్ అవర్ అంటే మా రూమ్మేట్ ఆబ్సెంట్ అని లెక్క. ఆదివారం రాత్రి సీనియర్ల రూమ్‌లో కూర్చుంటే పొద్దున లేవలేడు. మొదట్లో బర్త్‌డేలకే తాగేవాడు. తర్వాత ఇంటర్నల్స్ అయిపోయాయని, ఆ తర్వాత మార్కులు రాలేదని. వాడికి ప్రాక్సీ చెప్పింది నేనే. ఫ్రెండ్‌కి సాయం చేస్తున్నా అనుకున్నా.

మా కాలేజీలో ఇరవై మందికి ఒక మెంటర్. నెలకోసారి షీట్‌లో సంతకం పెట్టి రావడమే మాకు తెలిసిన మెంటరింగ్. మందు గురించి కాలేజీ మాట్లాడింది రెండే సందర్భాల్లో. ఫస్టియర్ మొదట్లో ఒక లెక్చర్, హాస్టల్లో సీసా దొరికినప్పుడు పేరెంట్స్‌కి ఫోన్. ఈ రెంటికీ మధ్య ఎవరూ ఏమీ అడగలేదు.

మా ల్యాబ్ సార్ అడిగారు. రిజిస్టర్ చూపించి, "వాడు సోమవారాలే ఎందుకు రాడురా? రికార్డ్ కూడా నీ చేతిరాతే" అన్నారు. జ్వరం సార్ అన్నాను. "ప్రతి సోమవారమా? సాయంత్రం తీసుకురా. కమిటీకేం రాయనులే."

వెళ్ళాం. సార్ మందు మాటే ఎత్తలేదు. టీ తెప్పించారు. భోంచేశావా, నిద్ర పడుతోందా అని అడిగారు. అరగంటకి వాడే చెప్పాడు. మూడు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, ఇంట్లో తెలీదు, తాగితే ఆ రాత్రికి గుర్తుకు రావు. పక్క మంచం మీద పడుకునే నాకే ఈ సంగతి తెలీదు!

సార్ "నేను డాక్టర్ని కాదు నాన్నా" అని, మర్నాడు కౌన్సిలర్ దగ్గరికి తనే తోడు వెళ్ళారు. పక్కన కూర్చుని ఇంటికి వాడి చేతే ఫోన్ చేయించారు. నాతో ఒకటే అన్నారు: "నువ్వు ప్రాక్సీ చెప్తే వాడు నాకు కనపడడురా."

వెంటనే మానేశాడా అంటే లేదు. ఫెస్ట్ రాత్రి మళ్ళీ తాగాడు. కానీ సోమవారం తనే వెళ్ళి సార్‌కి చెప్పాడు. ఆ సెమిస్టర్‌లో రెండు బ్యాక్‌లాగ్స్ క్లియర్ చేశాడు.

మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మందు అమ్మకూడదు. అంటే బీటెక్‌లో చాలామందికి అసలు దొరకకూడదు. అయినా దొరుకుతోంది. రూల్ వద్దనను. రూల్ సీసాని పట్టుకుంటుంది, తాగేవాడి బాధని పట్టుకోలేదు. అది పట్టుకోవడానికి లెక్చరర్ల దగ్గర పెద్ద మెషిన్ ఏమీ అక్కర్లేదు. అటెండెన్స్ రిజిస్టర్ ఉంది. వరసగా మూడు సోమవారాలు ఖాళీగా ఉంటే, కండోనేషన్ లిస్ట్ వచ్చేదాకా ఆగకుండా ఒక్కసారి పిలిచి అడగండి సార్, అడగండి మేడమ్. ఏం చెప్పినా వెంటనే ఇంటికి ఫోన్ వెళ్ళదని నమ్మకం కలిగితే, మేం చెప్తాం.

ఇక మనం. రాత్రిపూట ఏ సారూ అందుబాటులో లేకపోతే 14416, టెలీ మానస్. ఫ్రీ, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

నేనైతే ప్రాక్సీ చెప్పడం మానేశాను. మొదటి వారం వాడు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు సోమవారం పొద్దున నన్ను లేపేది వాడే.