పొద్దుటి వెలుగులో కొత్త బండి

విజయదశమి నాడు పొద్దున పదీ నలభైకి ముహూర్తం పెట్టించుకున్నాం. కారు చేతికొచ్చేసరికి రాత్రి ఏడున్నర అయింది. ఆ ఒక్క రోజే ఆ షోరూములో యాభైకి పైగా బండ్లు ఇవ్వాలట. అమ్మ తెల్లారకముందే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరతో కానిచ్చాం. చివరికి వరసగా వెలుగుతున్న ట్యూబులైట్ల కింద, ఎర్రరిబ్బను కట్టిన బండి ముందు మమ్మల్ని నిలబెట్టి, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి చేతికిచ్చి ఫొటో తీశారు. తరవాత ఒక ఫైలు తెరిచి, పెన్ను మూత తీసిచ్చి, వేలితో చూపించిన చోటల్లా సంతకాలు పెట్టమన్నారు. పెట్టాను. వాటిలో ఒక కాగితం మీద, బండిని అన్ని వైపులా చూసుకున్నాననీ, ఏ లోపమూ లేదనీ, తృప్తిగా తీసుకుంటున్నాననీ ఉంది. చూడకుండా పెట్టిన ఆ సంతకం తరవాత నన్ను నాలుగు నెలలు తిప్పింది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. యాభై నాలుగేళ్లకి కొన్న మొదటి కారు ఇది. పదకొండు లక్షల చిల్లర. అందులో సగానికి పైగా బ్యాంకు లోను. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి గుడికి తీసుకెళ్లి పూజ చేయిద్దామని తడిబట్టతో తుడుస్తున్నాం. మాది తూర్పు ముఖం ఇల్లు. ఎండ నేరుగా వచ్చి బండి ఎడమ పక్కన పడుతోంది. మా ఆవిడ తుడుస్తున్నదల్లా చెయ్యి ఆపి, “ఏమండీ, ఈ వెనక తలుపు రంగు తేడాగా లేదూ?” అంది.

ముందు తలుపూ బూడిదరంగే, వెనక తలుపూ బూడిదరంగే. కానీ ముందుది ఎండకి మెరుస్తోంది, వెనకది మసకగా ఉంది. చేత్తో తడిమితే కింది భాగంలో జానెడు మేర సన్నటి ఇసుక అంటుకున్నట్టు గరుగ్గా తగిలింది. తలుపు తెరిచి చూశాను. అంచున ఉన్న నల్ల రబ్బరు బీడింగు మీద బూడిదరంగు తుంపరలున్నాయి.

రంగు పని తెలిసినవాళ్లెవరైనా ఆ తుంపరలు చూడగానే సంగతి చెప్పేస్తారు. ఫ్యాక్టరీలో రంగు వేసేటప్పటికి బండికి రబ్బరు ఉండదు, అద్దం ఉండదు, సీటు ఉండదు. అప్పటికది ఉత్త ఇనుప డొల్ల. రంగు వేశాక దాన్ని దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బీడింగులూ వైర్లూ ప్లాస్టిక్కులూ అన్నీ ఆ తరవాతే వచ్చి చేరతాయి. కనక రబ్బరు మీద రంగు చుక్క ఉందంటే ఆ రంగు ఫ్యాక్టరీది కాదు. బండి బయటికొచ్చాక దేనికో తగిలితేనో, ఎక్కడో గీసుకుంటేనో షెడ్డులో వేసిన రంగు అది. షెడ్డులో అంత వేడి పెట్టలేరు, బిగించి ఉన్న ప్లాస్టిక్కు పాడైపోతుంది. అరవై డిగ్రీల దగ్గర ఆరబెడతారు. శ్రద్ధగా చేస్తే ఆ రంగూ ఏళ్ల తరబడి నిలుస్తుంది. శ్రద్ధ అంటే బీడింగు ఊడదీసి పక్కన పెట్టడం, లేకపోతే కనీసం దాని మీద మాస్కింగ్ టేపు అంటించడం. మా తలుపుకి ఆ టేపు కూడా వేయలేదు.

గీత పడినందుకు నాకు బాధ లేదు. వందల కిలోమీటర్లు ట్రక్కు మీద వచ్చి, యార్డులో వారాలు నిలబడ్డ బండికి గీత పడొచ్చు. ముందే చెప్పి ఉంటే, మంచిగా రంగు వేయించి ఇవ్వండి అని ఒప్పుకునేవాణ్ణేమో. చెప్పకుండా పూసి, ట్యూబులైటు కింద నిలబెట్టి, మా అమ్మ చేత కుంకుమ పెట్టించారే, అది నొప్పించింది.

వారం తిరక్కుండా వాన పట్టింది. అక్టోబరు వానలు మా కోస్తాలో ఎలా పడతాయో తెలిసిందే. ముందు సీట్లో కూర్చున్న అమ్మ, “నాయనా, కాళ్ల కింద చెమ్మగా ఉందిరా” అంది. మ్యాట్ ఎత్తి కార్పెట్టుని వేలితో నొక్కితే నీళ్లు ఊరాయి.

షోరూము మా ఊరికి ముప్ఫై కిలోమీటర్లు. సెలవు పెట్టి వెళ్లాను. సర్వీస్ అడ్వైజరు కుర్రాడు, “ఏసీ నీళ్లు సార్, మామూలే” అన్నాడు. తలుపు చూపిస్తే, లైటింగు వల్ల అలా కనిపిస్తుందన్నాడు. సాయంత్రానికి కార్పెట్టు ఆరబెట్టి, బండి కడిగి ఇచ్చారు. పది రోజులకి మళ్లీ వాన, మళ్లీ తడి. మళ్లీ సెలవు. ఈసారి డోరు బీడింగు సరిచేశామన్నారు. కడిగిన బండే ఇంకోసారి కడిగి ఇచ్చారు.

ఇంట్లోనూ వీధిలోనూ అందరిదీ ఒకటే మాట. మా బావమరిది, “చిన్న గీతకి ఇంత పట్టింపెందుకు బావా, దిష్టి తీసిందనుకో” అన్నాడు. మనలో చాలామందిని నోరెత్తనివ్వనిది ఇదే. కొత్త వస్తువులో లోపం వెతకడం అశుభమనిపిస్తుంది. మిఠాయి పంచిన నోటితో ఫిర్యాదు చెప్పడానికి మొహమాటపడతాం. ఆ మొహమాటం షోరూము వాళ్లకి బాగా తెలుసు.

రెండోసారి తిరిగొచ్చిన రాత్రి, షోరూము వాళ్లు ఫిర్యాదు రాసుకునే జాబ్ కార్డులు రెండూ ముందేసుకుని కూర్చుంటే నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఏళ్లు మెకానిక్కుగా చేశారు. డ్యూటీ దిగిన డ్రైవరు బస్సులో ఏం తేడా కనిపించిందో తన మాటల్లోనే రాసిచ్చేవాడు. బ్రేకు వేస్తే ఎడమకి లాగుతోందని డ్రైవరు రాస్తే, దానికెదురుగా తాను ఏం చేశారో రాసి నాన్నగారు సంతకం పెట్టేవారు. ‘చెక్ చేశాను’ అని రాస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు. చూస్తే ఏం కనపడింది, దానికేం చేశావు అని కుర్ర మెకానిక్కుల్ని అడిగేవారు. పొద్దున్నే ఆ బస్సెక్కే యాభై మందిని తలుచుకునేవారు.

నా రెండు జాబ్ కార్డుల్లోనూ ‘జనరల్ చెకప్, వాషింగ్’ అనే ఉంది. నేను చెప్పిన మాట ఒక్కటీ లేదు. అంటే కాగితాల ప్రకారం నా కార్పెట్టు ఎన్నడూ తడవలేదు, నా తలుపు రంగు ఎన్నడూ మారలేదు.

మూడోసారి వెళ్లినప్పుడు కౌంటరు దగ్గర కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. వాన పడ్డ ప్రతిసారీ ముందు ఎడమవైపు కార్పెట్టు తడుస్తోంది, ఇది మూడోసారి రావడం. ఎడమ వెనక తలుపు రంగు మిగతా బండితో కలవడం లేదు, బీడింగు మీద రంగు తుంపరలున్నాయి. సిస్టంలో అంత పట్టదు సార్ అన్నాడు కుర్రాడు. పట్టినంత టైపు చేసి, మిగిలింది పెన్నుతో రాయమన్నాను. రాశాడు. దాన్ని ఫొటో తీసి, బీడింగు ఫొటోలతో కలిపి, డీలరుకీ కంపెనీ ప్రాంతీయ కార్యాలయానికీ ఒకే మెయిల్లో పంపాను. అందులో కోపం మాట ఒక్కటి కూడా రాయలేదు. తేదీలు, కిలోమీటర్ల రీడింగు, ఎవరు ఏమన్నారు, నాకేం కావాలి, అంతే రాశాను.

అయిదో రోజున కబురొచ్చింది. ఈసారి బండిని యాభై దాటిన ఒక సీనియర్ టెక్నీషియన్‌కి అప్పగించారు. ఆయన నన్ను బయట కూర్చోమనలేదు, పక్కన నిలబడి చూడమన్నారు. సీటు విప్పి, కార్పెట్టు మడిచి, టార్చి నా చేతికిచ్చి, ముందు అద్దం కింద పైపుతో సన్నగా నీళ్లు వదిలించారు. నాలుగైదు నిమిషాలు ఏమీ లేదు. తరవాత డ్యాష్‌బోర్డు వెనక నుంచి ఒక చుక్క రాలింది. ఇంకో చుక్క.

ఇంజను గదికీ మనం కూర్చునే చోటికీ మధ్య ఉన్న ఇనుప గోడలో వైర్లు దూర్చే కన్నం ఉంటుంది. దానికి గ్రోమెట్ అనే రబ్బరు బిళ్ల బిగించి ఉంటుంది. డెలివరీకి ముందు ఫాగ్ ల్యాంపులు పెట్టినప్పుడు వైరు దూర్చడానికి దాన్ని లాగారు. మళ్లీ గాడిలో కూర్చోబెట్టలేదు. అంతేకాదు, ఆ వైరుని కప్లర్‌తో కలపలేదు. బండి అసలు వైరు పైతొడుగు కోసి, దానికి మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. ఆ టేపు తడికి జారి, లోపలి రాగి కనపడుతోంది. ఆయన కాసేపు దాన్నే చూసి, “నీళ్లు రావడమే మంచిదైంది సార్. లేకపోతే ఈ టేపు సంగతి ఎవరూ చూసేవాళ్లు కాదు” అన్నారు. తడిసిన కార్పెట్టు పక్కన రాగి తీగ. వేసవిలో రోడ్డు పక్కన కాలిపోయిన కార్లని చూసినప్పుడల్లా నాకు ఆ తీగ గుర్తొస్తుంది.

గ్రోమెట్‌ని గాడిలోకి నొక్కడానికి ఆయనకి నిమిషం పట్టలేదు.

ఫాగ్ ల్యాంపులు బిగించింది ఎవరని అడిగాను. యాక్సెసరీల పని కాంట్రాక్టుకిచ్చారనీ, బండికింత అని లెక్కగట్టి ఇస్తారనీ, పండగ ముందు మూడు రోజులు ఆ కుర్రాళ్లు సరిగా ఇంటికి కూడా వెళ్లలేదనీ చెప్పారు. నిమిషం పని ఎగ్గొట్టింది ఆ కుర్రాడే, కాదనను. కానీ అతనికి ఆ నిమిషం లేకుండా చేసింది, ఒక్క రోజుకి యాభై బండ్లు ఒప్పుకున్న షోరూము. ఇవ్వడానికి ముందు బండిని సాంతం చూడాలి, దాన్ని పి.డి.ఐ. అంటారు. నా బండి పి.డి.ఐ. కాగితం అడిగి తీసుకున్నాను. పెయింటు, వైరింగు, అన్ని గడుల్లోనూ టిక్కులే. అన్నీ ఒకే వాలున, ఒకే ఊపులో పెట్టినవి. ఇరవై ఎనిమిదేళ్లుగా పేపర్లు దిద్దుతున్నవాణ్ణి. చదివి పెట్టిన టిక్కుకీ చదవకుండా పెట్టిన టిక్కుకీ తేడా నాకు తెలుస్తుంది.

ఇక తలుపు. మేనేజరు గారు మర్యాదగానే మాట్లాడారు. సీట్ కవర్లు ఉచితంగా వేయిస్తామన్నారు. నాకవి వద్దన్నాను. ఈ తలుపుకి డెలివరీకి ముందు రంగు వేశామని రాసివ్వండి, మళ్లీ సరిగ్గా వేయించి ఆ పనికి పూచీ ఇవ్వండి అన్నాను. బండి మార్చమని అడగలేదు. బాగుచేయగలిగిన లోపానికి బండంతా మార్చమంటే కోర్టుల్లోనూ నిలవడం కష్టం. రాసివ్వడం మాత్రం కుదరదన్నారు వాళ్లు.

అప్పుడు చట్టం చదివాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపం అంటే నిర్లక్ష్యం ఒక్కటే కాదు, కొనేవాడికి చెప్పాల్సిన సంగతిని కావాలని దాచడం కూడా. మనం చెల్లించిన ధర 50 లక్షలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లొచ్చు, అదీ మనముండే జిల్లాలోనే. రెండేళ్ల గడువుంది. నా బండి ధరకి రుసుము 400 రూపాయలు. వకీలు లేకుండా మన మాట మనమే చెప్పుకోవచ్చు. గోవాలో ఒకాయన 2011లో కొత్త బండికని డబ్బు కడితే, డీలరు 2009లో తయారై అప్పటికే కొంత తిరిగిన బండి ఇచ్చాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2021లో తేలింది. డీలరు చేసిన పని కంపెనీకి తెలుసని రుజువు కానప్పుడు బాధ్యత డీలరుదేనంది కోర్టు. అంటే కంపెనీ పెద్ద పేరు చూసుకుని ధీమాగా ఉండటానికి లేదు. మన చేతిలో ఉండాల్సింది డీలరు రాసిన కాగితం.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ నంబరుతో ఇంకో మెయిలు పంపాను. మూడు వారాలకి కాగితం వచ్చింది, సంతకమూ ముద్రా సహా. బీడింగు ఊడదీసి, తలుపు మొత్తం గీకి, పక్క ప్యానెల్లోకి కలిసిపోయేలా కొత్తగా రంగు వేశారు. మూడేళ్ల పూచీ రాసిచ్చారు. ఇప్పుడు ఎండలో నిలబెట్టినా ఏ తలుపో నేను గుర్తుపట్టలేను. ఇంత బాగా చేయగలిగినవాళ్లు మొదటే ఎందుకు చేయలేదన్న ప్రశ్న మాత్రం నాకు పోలేదు.

మీరు కొనబోతుంటే ఒక్క మాట. రిజిస్ట్రేషన్ కాకముందే, పూర్తి డబ్బు కట్టకముందే యార్డుకి వెళ్లి మీకిచ్చే బండినే చూడండి. రిజిస్ట్రేషన్ అయ్యాక కనిపించిన గీత మీ గీతే అంటారు. ఛాసిస్ నంబరు కాగితంతో సరిచూసుకోండి. డీలరిచ్చే అమ్మకపు పత్రం ఫారం 21లో బండి తయారైన నెలా సంవత్సరమూ ఉంటాయి. టైరు మీద చివరి నాలుగంకెలు ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెబుతాయి. బీడింగుల మీద వేలు నడిపించండి. పైన నీళ్లు పోయించి, లోపల కార్పెట్టు తడమండి. అదనంగా బిగించినవేవైనా ఉంటే వైరు ఎక్కడ, దేనితో కలిపారో చూపించమనండి. వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ముహూర్తం పొద్దుటి పూటకే పెట్టించుకోండి. చీకటి పడేదాకా బండి ఇవ్వలేకపోతే, సంతకం పెట్టకుండా, మర్నాడు పొద్దున వస్తామని చెప్పి ఇంటికి వెళ్లిపోండి.