ముంజలకు 60, గదికి 36,000

మా ఇంట్లో జమాఖర్చుల పుస్తకం అత్తయ్య మొదలుపెట్టింది. నాలుగేళ్లుగా నేను రాస్తున్నాను. దీపావళికి అల్మరా సర్దుతుంటే 2025 జూన్ నెల పేజీలు కనబడ్డాయి. పని ఆపి అక్కడే కూర్చుండిపోయాను.

జూన్ మొదటి వారంలో మామయ్యగారికి పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేశారు. చేర్పించేటప్పుడు కౌంటర్లో అమ్మాయి "షేరింగ్ రూమా, సింగిల్ రూమా అండీ?" అని అడిగింది. పక్క మంచం మీద ఎవరైనా దగ్గితే మామయ్యగారికి రాత్రంతా జాగారమే. సింగిల్ అన్నాం. రోజుకు 5,000. మా ఆరోగ్య బీమా పాలసీ 3 లక్షలది, గది అద్దె అందులో ఒక శాతం, అంటే రోజుకు 3,000 దాకానే ఇస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. "పై రెండు వేలు మనం వేసుకుందాం. నాలుగు రోజులకు ఎనిమిది వేలు, నాన్న నిద్ర కంటేనా" అన్నారు మావారు. నాకూ సబబే అనిపించింది.

డిశ్చార్జి నాడు బిల్లు 1,24,000. బీమా వాళ్లు ఒప్పుకున్నది 84,000. మిగతా 40,000 కట్టి మామయ్యగారిని ఇంటికి తెచ్చుకున్నాం.

ఆ రాత్రి కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంటే అర్థమైంది. పరిమితి దాటిన గది తీసుకుంటే కోత గది అద్దెతో ఆగదు. మనకు అర్హత ఉన్నది 3,000, తీసుకున్నది 5,000, అంటే 60 శాతం. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్, అన్నిటికీ అదే 60 శాతం. ఆ పద్దులన్నీ కలిపి 70,000 అయితే 42,000 ఇచ్చారు. మందులు, పరీక్షల 30,000 జోలికి రాలేదు, వాటికి ఈ కోత వర్తించదు. గ్లవ్స్, రిజిస్ట్రేషన్ లాంటివి 4,000 ఎటూ మనవే. గదిలో పోయిన 8,000కు ఈ 28,000 కలిస్తే ఒక్క గది ఎంపిక ఖరీదు 36,000. చేర్పించే రోజు మాకు ఒక్కరంటే ఒక్కరు ఈ మాట చెప్పలేదు. చెప్పి ఉంటే మామయ్యగారే షేరింగ్ గదికి పట్టుబట్టేవారు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే. మూడేళ్ల కింద పాలసీ తీసుకునేటప్పుడు గది అద్దెకు పరిమితి లేనిదీ చూశాను. ఏడాదికి 4,000 ఎక్కువని వదిలేశాను. మూడు ప్రీమియాలకు 12,000 మిగిలిందని ఇదే పుస్తకంలో రాసుకున్నాను కూడా.

ఆ 40,000 పిల్లల ఫీజులకని దాచింది. 12న బడులు తెరిచారు. చేతిలో క్రెడిట్ కార్డు ఉంది, దాంతో కట్టేస్తే ఆ పూట గడిచిపోయేది. కానీ మినిమం మాత్రమే కడుతూ పోతే నెలకు మూడున్నర శాతం, అంటే 1,400 వడ్డీ. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కార్డుతో కొన్న ఉప్పుకీ పప్పుకీ కొన్న రోజు నుంచే వడ్డీ. నా గాజులు రెండు బ్యాంకులో పెట్టాను. ఏడాదికి 9 శాతం, నెలకు 300. బోసి చేతులతో ఇంటికొచ్చినప్పుడు అత్తయ్య చూసింది, ఏమీ అనలేదు. మర్నాడు తన గాజుల్లోంచి ఒక జత తెచ్చి నా చేతికి తొడిగింది.

అంత డబ్బు పోయిందన్న కోపంలోనే అనుకుంటాను, ఆ నెల పద్దుల్లో కొన్నిటి చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి పక్కన "అనవసరం" అని రాశాను. తాటిముంజలు 60. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు 140. నూజివీడు చిన్నరసాలు, ఆరు, 90. మల్లెపూలు మూడుసార్లు, 60. మొత్తం 350.

ముంజలు బందరు రోడ్డు పక్కన బండి మీద కొన్నవి. ఆపరేషనయ్యాక మామయ్యగారికి ఏదీ సయించలేదు, జావ కూడా పక్కన పెట్టేసేవారు. ఆ మధ్యాహ్నం ముంజ మీది పల్చటి పొర తనే గోటితో ఒలుచుకుని, బొటనవేలితో నొక్కి, చల్లటి నీళ్లు గుటక వేసి, "ఇంకోటుందా అమ్మా?" అన్నారు. రెండు తిన్నారు. లెనిన్ సెంటర్లో మా అమ్మాయికి దొరికిన నిఘంటువులో ఎవరో పిల్ల పెన్సిలుతో మాటల కింద గీతలు గీసుకుంది. ఆ గీతల మాటలన్నీ వెతుక్కుంటూ మా అమ్మాయి వారం రోజులు ఫోను అడగలేదు. పుస్తకాలకు అట్టలు వేసిన సాయంత్రం కరెంటు పోయింది, వాన మొదలైంది. నలుగురం గుమ్మంలో కూర్చుని చిన్నరసాలు జుర్రుకున్నాం. ఆ పేజీలో ఎంత వెతికినా ఇంతకంటే మంచి ఖర్చు నాకు కనబడలేదు. ఆ నెల పొదుపు చేయాల్సిన చోటు పూలూ పళ్లూ కాదు, నేను సగమే చదివి వదిలేసిన పాలసీ కాగితం.

అక్టోబరు రెన్యువల్‌కు నెలన్నర ముందే పాలసీని వేరే కంపెనీకి మార్చుకునే పోర్టింగ్‌కు పెట్టాను. ఒక కంపెనీ మామయ్యగారి వయసు చూసి కాదంది. రెండోది ఒప్పుకుంది. గది అద్దెకు పరిమితి లేదు, పాత పాలసీలో గడిచిన మూడేళ్లు వెయిటింగ్ పీరియడ్‌లో కలిసొచ్చాయి కూడా. ప్రీమియం పెరిగింది గానీ, వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీని సెప్టెంబరు 22 నుంచి తీసేయడం కొంత ఊరట. గాజులు విడిపించాను. నాలుగు నెలల వడ్డీ 1,200.

అల్మరా ముందు నేనిలా కూర్చుని ఉండగా అత్తయ్య వచ్చి పేజీ చూసింది.

"ఈ ఎర్ర సున్నాలేంటే?"

చెప్పాను. పై అరలోంచి తన పాత పుస్తకం ఒకటి తీసి చూపించింది. పాలు, కూరలు, పూలు, కిరసనాయిలు. పూలు ఆవిడ ఎప్పుడూ పాల తర్వాతే రాసేదట.

నవంబరు పేజీలో పాల కింద రాశాను: కనకాంబరాలు, 30.