భారతం ఎవరు కాపాడాలి?

ఎండాకాలం వచ్చిందంటే చాలు, మా పాత చిత్తూరు జిల్లాలో (2022లో విడిపోయింది లెండి) ఎక్కడో ఒక ఊర్లో భారతం జరుగుతూనే ఉంటుంది. బయటి మిత్రులకి భారతం అంటే పుస్తకమో, టీవీ సీరియలో గుర్తొస్తుంది. మాకు మాత్రం తిరునాళ్ళు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. చాలాచోట్ల పద్దెనిమిది రోజులు. కథలో అర్జునుడు తపస్సుకి పోతే ఇక్కడ వేషగాడు నిజంగానే పొడుగాటి తపసు మాను ఎక్కుతాడు. పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద పడుకుని మొక్కుకుంటారు. చివర్లో మట్టితో చేసిన పేద్ద దుర్యోధనుడి తొడ మీద భీముడి గద పడుతుంది. ఆ సాయంత్రమే నిప్పుల గుండం.

తమిళనాడు ఉత్తర జిల్లాల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర ఆడే తెరుక్కూత్తు దీనికి తోబుట్టువే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మనలో చాలా ఊళ్ళు ఉత్తర ఆర్కాటులోనే ఉండేవి కదా!

"ఇవన్నీ పోతున్నాయి, వీడియో తీసి దాచిపెట్టాలి" అంటుంటారు. మంచిదే. మా ఉద్యోగాల్లో దాన్నే బ్యాకప్ అంటాం. కానీ బ్యాకప్ ఉన్నంత మాత్రాన ప్రోగ్రాం నడుస్తున్నట్టు కాదు.

సాహిత్యం సంగతి కొంచెం నయం. నామిని 'మిట్టూరోడి కతలు' మా యాసలోనే రాశాడు. మధురాంతకం రాజారాం గారి కథలకి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పుస్తకానికి ఉన్న సుఖమేమంటే, ఇరవై ఏళ్ళ తర్వాత ఒక్కడు తెరిచి చదివినా మళ్ళీ బతుకుతుంది. నాటకానికి ఆ సుఖం లేదు. వేషం కట్టేవాడు ఉండాలి, నిద్ర ఆపుకుని చూసేవాళ్ళు ఉండాలి, ఇద్దరూ అదే రాత్రి అక్కడే ఉండాలి.

మనమేమో బెంగుళూరు నుంచో, చెన్నై నుంచో దుర్యోధన వధ రోజు ఒక పూట వచ్చి, ఫోటోలు తీసుకుని, సంస్కృతి గురించి బాధపడి వెళ్ళిపోతాం. వేషం కడితే ఏడాది పొడుగునా ఇల్లు గడవనప్పుడు ఆయన కొడుకు మాత్రం వేషం ఎందుకు కట్టాలి? మన పిల్లలు సాఫ్ట్‌వేర్ చేసుకోవాలి, వాళ్ళ పిల్లలు సంస్కృతి కాపాడాలి... ఇదెక్కడి న్యాయమండీ?

నాకు తోచింది ఇదే. గుడి రంగులకీ, మైకు సెట్లకీ ఇచ్చే చందాలో కొంతైనా వేషగాళ్ళకే అని చెప్పి ఇద్దాం. అంతకంటే ముందు ఒక్క రాత్రన్నా తెల్లారేదాకా కూర్చుని చూద్దాం. ఎదురుగా జనం ఉంటే ఆడేవాళ్ళకి వచ్చే ఊపు ఏ కెమెరా ఇవ్వలేదు.

ఇంతకీ మీ ఊర్లో ఈసారి భారతం ఎప్పుడు?