కవచం గుర్రానికా, రౌతుకా?

పూర్వం యుద్ధానికి వెడలే రౌతు తన శిరస్సును గాలికి వదలి గుర్రానికి మాత్రమే కవచం తొడిగినట్లు ఏ కావ్యంలోనూ మనం చదువలేదు. కాని నేటి మన పట్టణ వీధులలో ఆ వింత నిత్యం కానవస్తున్నది. మంచిర్యాల చౌరస్తాలో పది నిమిషాలు నిలిచి చూడండి. ఇనుప గొట్టాల కవచం తొడుగుకొని మెరిసిపోతున్న మోటారు సైకిళ్ళు వరుసగా సాగిపోతాయి. వాటిపై కూర్చున్న యువకుల తలలపై మాత్రం దువ్వుకున్న జుట్టు తప్ప మరేమీ ఉండదు.

ఈ విషయమై నేను ఆలోచించుటకు మా తమ్ముడు కారణమయ్యాడు. అతడు తన సంపాదనలో మిగుల్చుకున్న డబ్బుతో ఒక పాత స్పోర్ట్స్ మోటారు సైకిల్ కొన్నాడు. కొన్న మరునాడే నా వద్దకు వచ్చి, "భాయిజాన్, దీనికి ఏ గార్డు వేయిస్తే మంచిదంటారు? నా దగ్గర నాలుగు వేలున్నవి" అని అడిగాడు. తెలుగు బోధించుకొనే నాకు యంత్రశాస్త్రంతో పరిచయం స్వల్పం. అయినను తమ్ముని ప్రాణంతో ముడిపడిన ప్రశ్న కనుక, తెలిసిన మెకానిక్కులను అడిగి, చదువగలిగినంత చదివి, కొంత తెలుసుకున్నాను. దానిని విద్యార్థి లోకంతో పంచుకొనుట ఉచితమని తోచింది.

స్పోర్ట్స్ మోటారు సైకిల్‌కు ఇరువైపులా గాలిని చీల్చుకొనిపోయే ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. నిలిపిన బండి పక్కకు ఒరిగి పడినా అది పగులుతుంది, బ్రేకు లీవరు వంగుతుంది. దీనిని నివారించుటకు అంగడిలో ముఖ్యంగా రెండు సాధనాలున్నవి. మొదటిది ఇనుప గొట్టంతో చేసిన క్రాష్ గార్డు. ఇది దృఢమైనది. నెమ్మదిగా పడినప్పుడు ఇంజనును, తొడుగును బాగా కాపాడుతుంది. కాని బండి బరువును, వెడల్పును పెంచుతుంది. రెండవది స్లైడర్. ఇది నైలాన్ వంటి గట్టి పదార్థంతో చేసిన గుండ్రని దిమ్మ. ఇంజనును ఫ్రేముకు బిగించే చోట పొడుగాటి బోల్టుతో దీనిని అమరుస్తారు. పందెపు మైదానంలో బండి పడినప్పుడు నున్నని దారిపై ఈ దిమ్మ జారుతూ పోతుంది. అందుకే దానికా పేరు.

మన దారులు పందెపు మైదానాలు కావు. డివైడరు అంచుకో, గుంత ఒడ్డుకో దిమ్మ తట్టుకున్నచో జారవలసిన బండి పల్టీ కొట్టవచ్చును. ఆ దెబ్బ బోల్టు గుండా ఫ్రేముకు, ఇంజను పెంకుకు చేరవచ్చును. కనుక ఒకే బోల్టుపై వేలాడే పొడవైన దిమ్మకంటె, పలకపై రెండు మూడు చోట్ల బిగించే పొట్టి దిమ్మ మేలు. గార్డు ఎంచుకున్నచో అది ఫ్రేముకు గట్టిగా అంటుకొని, హ్యాండిల్ తిప్పుటకు, మలుపులో బండి వంగుటకు అడ్డురాకుండా ఉండవలెను. యంత్ర రక్షణ విషయంలో చెప్పవలసినది ఇంతే.

అయితే ఈ గార్డు మన కాళ్ళను కాపాడుతుందనే విశ్వాసం లోకంలో ప్రబలంగా ఉన్నది. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజిల్స్ ప్రాంతంలో 900 మోటారు సైకిల్ ప్రమాదాలను స్వయంగా పరిశోధించి 1981లో నివేదిక వెలువరించింది. క్రాష్ బార్ల వలన పాదానికి, చీలమండకు దెబ్బలు తగ్గినను, మోకాలికి, తొడకు దెబ్బలు పెరిగి ఆ లాభం సరిసమానమైపోయిందని వారు తేల్చారు. కనుక గార్డు కాపాడేది బండినే. మనిషిని కాపాడుటకు వేరొకటి కావలెను.

ఆ వేరొకటి ఏమిటో ఒక మరణం లోకానికి నేర్పింది. అరేబియా లారెన్స్‌గా ప్రసిద్ధుడైన టి.ఇ. లారెన్స్ 1935 మే నెలలో ఇంగ్లండులో మోటారు సైకిల్ నుండి పడి, ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మరణించాడు. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడొకడు. తలకు దెబ్బ తగిలి ఇట్లు వ్యర్థమయ్యే ప్రాణాలను గురించి కలతచెంది, అతడు సైనిక వార్తాహరుల ప్రమాదాలను పరిశీలించి 1941లో ఒక వ్యాసం ప్రచురించాడు. హెల్మెట్ ప్రయోజనం క్రమంగా లోకానికి తెలియవచ్చింది. 2008లో ప్రకటితమైన ఒక సమగ్ర సమీక్ష ప్రకారం హెల్మెట్ మరణావకాశాన్ని సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశాన్ని 69 శాతం తగ్గిస్తుంది.

ఇక మన దేశం సంగతి. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో హెల్మెట్ ధరించక మరణించినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారు! వారిలో ఎందరు తల్లులో, ఎందరు చెల్లెళ్ళో!

సంపద గాని కీర్తి గాని ఈ విషయంలో అడ్డుపడవు. భారత క్రికెట్ జట్టు పూర్వ నాయకులు మహమ్మద్ అజహరుద్దీన్ గారి కుమారుడు అయాజుద్దీన్ 2011 సెప్టెంబరులో హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డుపై 1000 సి.సి. మోటారు సైకిల్ నడుపుతూ ప్రమాదానికి లోనై, కొన్ని దినాలకు కన్నుమూశాడు. వయస్సు 19 ఏండ్లు. వెనుక కూర్చున్న బాలబంధువు కూడా మరణించాడు. 2021 సెప్టెంబరు 10న అదే నగరంలో కేబుల్ వంతెన సమీపాన నటుడు సాయిధరమ్ తేజ్ బండి జారిపడ్డాడు. అతని తలపై హెల్మెట్ ఉన్నది. నెల దాటి ఆసుపత్రిలో ఉన్నను, కోలుకొని ఇల్లు చేరాడు.

ఇదంతా నేను ఇంటిలో వివరించుచుండగా మా అమ్మీ, "తఖ్దీర్‌లో ఉన్నది తప్పుతుందా బేటా?" అన్నది. నేను బదులు చెప్పకముందే అబ్బాజాన్ మాట్లాడారు. వారు సింగరేణి భూగర్భ గనిలో ముప్పై ఏండ్లు పనిచేసినవారు. "కప్పు ఈ దినమే కూలుతుందని తెలిసి నేనెన్నడూ టోపీ పెట్టుకోలేదు. ఏ దినం కూలుతుందో తెలియదు కనుకనే దినమూ పెట్టుకున్నాను. తఖ్దీర్‌ను నమ్మని గని కార్మికుడుండడు. అయినా టోపీ లేకుండా బాయిలోకి దిగినవాడూ ఉండడు" అన్నారు. ముందు ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త ఉపదేశానికి ఇంతకంటె చక్కని వ్యాఖ్యానం నేను వినలేదు.

తమ్ముడు తన నాలుగు వేలను కొత్తగా పంచుకున్నాడు. మొదట ముఖమంతా కప్పే హెల్మెట్, తరువాత చేతి తొడుగులు, మిగిలిన దానితో ఒక జత పొట్టి స్లైడర్లు. మడమను కప్పే బూట్లు వచ్చే నెల జీతానికి వాయిదా పడినవి.

హెల్మెట్ కొనువారు గమనింపవలసినవి కొన్ని ఉన్నవి. దానిపై ఐ.ఎస్.ఐ. ముద్ర, ఐ.ఎస్. 4151 అనే సంఖ్య ఉండవలెను. ఆ ముద్ర లేని హెల్మెట్లను అమ్మరాదని 2021 జూన్ 1 నుండి శాసనమున్నది. లోపలి థర్మోకోల్ వంటి పొర నలిగి దెబ్బను తాను మ్రింగుతుంది. ఒకసారి నలిగినది మరల పనికిరాదు, కనుక పెద్ద దెబ్బ తగిలిన హెల్మెట్‌ను మార్చవలసినదే. తల ఊపినప్పుడు అది కదలరాదు. గడ్డం క్రింది పట్టీ బిగించనిచో మోసిన బరువే గాని ఫలం లేదు. జుమా నమాజుకు పోవువారి టోపీ జేబులో మడిచి పెట్టుకొనుటకు అనువైనదే. మసీదు వాకిట దానిని ధరించవచ్చును.

హెల్మెట్ లేనిచో వేయి రూపాయల జరిమానా, మూడు మాసాలు లైసెన్సు రద్దు అని చట్టంలో ఉన్నది. పోలీసు భయం చౌరస్తా దాటగానే తీరిపోతుంది. బొగ్గు టిప్పర్లు తిరిగే శ్రీరాంపూర్ దారిలో, లక్సెట్టిపేట వైపు సాగే 63వ జాతీయ రహదారిలో మనకు తోడు వచ్చేది మన తలపైనున్నదే.

మన విద్యార్థులను అడిగితే చాలామంది చెప్పే కారణం ఒక్కటే: "సార్, కాలేజీలో హెల్మెట్ పెట్టుకొనుటకు చోటెక్కడున్నది?" ఇది న్యాయమైన మాట. సైకిల్ షెడ్డు ప్రక్కన తాళం గల ఒక అలమార చేయించిన ఈ చిక్కు తీరుతుంది. కళాశాల కమిటీ పెద్దలు ఈ వేసవి సెలవులలోనే ఆ పనికి పూనుకొనవలెనని సవినయంగా కోరుచున్నాను. అలమార సిద్ధమైన నాడు మొదటి హెల్మెట్ మా తమ్మునిది కాదు, నాది ఉంచుతాను. మిగిలిన అరలు నింపవలసినది, విద్యార్థులారా, మీరే.