మామ ట్రాక్టరుకి నేను చేసిన మేలు

కంభం వైపు ట్రక్కు అంటే లారీ కాదు, ట్రాక్టరు వెనక తగిలించే ఇనప తొట్టి. మా మామ జీవనమంతా దాని మీదే. వేసవిలో చెరువు మట్టి తోలతాడు, వానలు పడితే దుక్కికి పోతాడు, మధ్యలో ఇసుక, ఇటుకలు, పెళ్లివాళ్ల సామాను. చెరువంటే కంభం చెరువు. గుండ్లకమ్మకి అడ్డంగా, కొండల మధ్య విజయనగర కాలంలో వేసిన కట్ట. వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో అంతర్జాతీయంగా వారసత్వ సాగునీటి కట్టడమన్న గుర్తింపు కూడా వచ్చింది. నీళ్లు వెనక్కి పోయిన చోట ఒండ్రు తవ్వి పొలాలకు తోలుకుంటారు. నిండు ట్రక్కుతో గట్టెక్కేటప్పుడు మామ ట్రాక్టరు నల్లటి పొగ కక్కేది.

కొన్నేళ్ల కింద ఒక వేసవిలో సెలవు పెట్టి ఊరికి పోయినప్పుడు, మడ్‌గార్డు మీద కూర్చుని ఆ పొగ చూశాను. ఇంజనీరింగ్‌లో చదివింది గుర్తొచ్చింది. నల్ల పొగ అంటే డీజిల్‌కి సరిపడా గాలి అందట్లేదని.

"దీనికి ఊపిరాడట్లేదు మామా" అన్నాను.

"ఏం జేద్దాం అల్లుడా, బరువట్లాంటిది."

నాకు బరువు కనపడలేదు, ఎయిర్ క్లీనర్ కనపడింది. పాత రకం ఆయిల్ బాత్. బానెట్ మీద పొడుగ్గా నిలబడ్డ గొట్టం, దాని నెత్తిన చిన్న గిన్నె, లోపల నూనె తొట్టి, ఇనప పీచు. గాలి ఇన్ని మలుపులు తిరిగి ఇంజన్లోకి పోవాలా? ఆఫీసులో నా పనే ఇది. ప్రోగ్రాం ఎక్కడ ఆలస్యమవుతోందో వెతికి, అక్కడున్న అడ్డు తీసేయడం. మిత్రుల కథలు చదివినా అదే చేస్తాను, ఈ పేరా అడ్డం, కొట్టెయ్ అని. హైదరాబాదు తిరిగొచ్చి, ఆన్‌లైన్లో శంకు ఆకారం ఫిల్టరు ఒకటి కొన్నాను. వారాంతంలో తీసుకెళ్లి, పాతది మొత్తం విప్పేసి, ఇంజను పక్కనే గొట్టానికి నేరుగా బిగించాను.

స్టార్ట్ చేయగానే చప్పుడు మారిపోయింది. గుయ్యిమని గాలి పీలుస్తోంది. నాకు గర్వంగా అనిపించింది. మామ ఒక ట్రిప్పు కొట్టి వచ్చి, "చప్పుడైతే ఉంది" అన్నాడు. ఆ మాటలోని అర్థం నాకు అప్పుడు అందలేదు. మామ కూడా అంతకంటే ఏమనలేదు. అల్లుడు, పైగా ఇంజనీరు.

తర్వాత కూర్చుని వేసుకున్న లెక్కలు నేను ముందే వేసుకోవాల్సినవి. ఇలాంటి పాత డీజిల్ ఇంజన్‌లో, పెట్రోలు ఇంజన్‌లో లాగా గాలిని ఆపే తలుపు ఉండదు. ఎప్పుడూ పీల్చగలిగినంత పీలుస్తూనే ఉంటుంది. బలాన్ని నిర్ణయించేది పంపు ఎంత డీజిల్ వదులుతుందన్నది. డీజిల్ అంతే ఉంచి గాలి దారి వెడల్పు చేస్తే, పొగ కాస్త తగ్గొచ్చు గానీ కొత్త బలం ఎక్కడినుంచి వస్తుంది?

పోనీ ఆ అడ్డు ఎంత? నీటి ఎత్తుతో కొలిస్తే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సుమారు 34 అడుగులు. సూచిక ఉన్న ఇంజన్లలో, ఫిల్టరు మూసుకుపోయింది, ఇక చూడమని అది ఎర్రబడేది దాదాపు 2 అడుగుల దగ్గర. అంటే బాగా మురికిపట్టిన ఫిల్టరు కూడా తినేది ఆరు శాతం లోపు. శుభ్రంగా ఉన్నది ఇంకా తక్కువ. నేను ఆ కొంచెం మిగిల్చి, గాలి తీసుకునే చోటుని బానెట్ పైనుంచి రేడియేటర్ వెనక్కి మార్చాను. బయట 30 డిగ్రీలున్న గాలి అక్కడ 60 అయిందనుకుంటే, పల్చబడి తొమ్మిది శాతం తగ్గుతుంది. ఆరు కోసం తొమ్మిది ఇచ్చుకున్నానన్నమాట.

అసలు నష్టం అది కూడా కాదు. 2,500 సీసీ ఇంజను నిమిషానికి 2,000 సార్లు తిరిగితే, నాలుగు స్ట్రోకుల లెక్కన 1,000 సార్లు ఊపిరి తీస్తుంది. అంటే నిమిషానికి రెండు వేల లీటర్ల పైన గాలి. ఎండిన ఒండ్రు మీద, ముందుపోయే ట్రాక్టరు లేపిన దుమ్ములో, రోజుకి పది గంటలు. నాకు అడ్డంగా కనపడిన ఆ మలుపులే అక్కడ పని చేస్తున్నాయి. పైగిన్నెలో గాలి సుడి తిరిగి పెద్ద దుమ్ముని విసిరేస్తుంది. తర్వాత నూనె మీదికి దిగి ఒక్కసారిగా పైకి మళ్లుతుంది. గాలి మళ్లగలదు, బరువున్న దుమ్ము మళ్లలేక నూనెలో పడుతుంది. మిగిలింది తడి పీచుకి అంటుకుంటుంది. మామ రోజూ పొద్దున ఆ తొట్టి విప్పి, అడుగున పేరుకున్న బురద గీకి, డీజిల్‌తో కడిగి, గీత దాకా నూనె పోసేవాడు. నా ఫిల్టరు వచ్చాక ఆ పని తప్పింది. అది కూడా మేలే అనుకున్నాను.

దసరాకి ఇంజన్‌ ఆయిల్ తగ్గడం మొదలైంది. పొద్దున స్టార్ట్ కావడానికి మొరాయించేది. బ్రీదర్ గొట్టంలోంచి పొగ. మెకానిక్ నేను బిగించిన క్లిప్పు విప్పి, గొట్టం లోపల వేలు పెట్టి తీసి మాకు చూపించాడు. వేలంతా మెత్తటి మన్ను. క్లిప్పు దగ్గర సన్నని సందు ఉంది. లైనర్లు, రింగులు అరిగిపోయాయి. ఇంజన్‌ దించాల్సిందే అన్నాడు.

డబ్బు నేను కట్టాను. కానీ శనగ విత్తే రోజుల్లో ట్రాక్టరు షెడ్డులో ఉండిపోయింది. ఏళ్ల తరబడి మామని పిలిచే రైతులు ఆ ఏడు వేరేవాళ్లని పిలుచుకున్నారు. ఇద్దరు మళ్లీ రాలేదు. దానికి నేను ఏమి కట్టగలను?

మామ నన్ను ఒక్క మాట అనలేదు. పాత ఎయిర్ క్లీనర్ అమ్మేయకుండా గోతంలో చుట్టి అటక మీద పెట్టాడు. అది దించి బిగిస్తూ, మొదటిసారి తన చిన్నప్పటి సంగతి చెప్పాడు. మార్కాపురంలో పలకల మిల్లులో చేశాడట, పన్నెండేళ్లప్పుడు. రాయి కోసే మిషను దగ్గర. "ఆ పొడి ఎట్టా ఉంటదో నాకు తెలుసు అల్లుడా. దీనికన్నా నూనె తొట్టి ఉంది. మాకు తువ్వాలు." 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానం కింద మొదట ఎంచుకున్న పరిశ్రమల్లో మార్కాపురం పలకలది ఒకటని నేను ఎక్కడో చదివాను. నేను అక్షరాలు దిద్దిన పలక కూడా అక్కడిదే అయ్యుంటుంది. పలక పొడిలోనూ ఇసుకలోనూ ఉండేది ఒకే సిలికా. లైనర్ని అరగదీసేది అదే, ఊపిరితిత్తుల్లో కూర్చుండిపోయేదీ అదే. మామ దగ్గు నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఉంది. బీడీల వల్లే అనుకునేవాణ్ణి.

పొగకి మందు మెకానిక్ ఒక్క ముక్కలో చెప్పాడు. ట్రక్కు మీద అడుగు మట్టి తగ్గించు, గట్టు మొదట్లోనే గేరు దించు. అట్లాగే చేస్తున్నారు. పొగ దాదాపు లేదు.

పోయిన వేసవి మట్టి తోలకం మొదలైనప్పుడు ఒక మాస్కుల పెట్టె తీసుకెళ్లాను. మామ ఒకటి పెట్టుకుని బండెక్కాడు. రెండో ట్రిప్పుకి అది గడ్డం కిందికి దిగింది.

"ఏంది మామా?"

"ఊపిరాడట్లేదు అల్లుడా."

ట్రాక్టరు గురించి నేనన్న మాటే. ఏం చెప్పాలో తోచక కాసేపు నిలబడ్డాను. తర్వాత తొట్టి విప్పి, అడుగున బురద చూపించి, ఒక పూటది ఇంత అన్నాను. మామ దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మాస్కు పైకి లాక్కున్నాడు. నేనున్న నాలుగు రోజులూ పెట్టుకున్నాడు. ఆ తర్వాత సంగతి ఫోన్ చేసినప్పుడల్లా అత్తని అడుగుతున్నాను. ఒకసారి ఉందంటుంది, ఒకసారి లేదంటుంది.